పంపింగ్ తగ్గిన గుండెకు ఇంట్లో ఏ మెషీన్ కావాలి? తూకం, బీపీ మెషీన్, ఆక్సీమీటర్, వాచీ, ‘తక్కువ సోడియం’ ఉప్పు: ఏది కొనొచ్చు, ఏది దండగ

డిశ్చార్జి కాగితం మీద హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె ఒంటికి సరిపడా రక్తం పంపలేకపోవడం, అని రాసి ఇంటికి పంపాక వారం తిరక్కుండా కొన్ని వస్తువులు వచ్చి చేరతాయి. కొడుకో కూతురో ఆన్‌లైన్‌లో ఆక్సీమీటర్ తెప్పిస్తారు. బీపీ మెషీన్ అంతకుముందే ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు స్మార్ట్ వాచీ పంపిస్తారు. వంటింట్లోకి ‘తక్కువ సోడియం’ ఉప్పు ప్యాకెట్ వస్తుంది. బరువు చూసే మెషీన్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఎవరైనా అన్నా, ‘ఇప్పుడు లావు తగ్గాలా ఏంటి’ అని కొట్టిపారేస్తారు. వీటన్నిటిలో రోజూ పనికొచ్చేది అదే. ఉప్పు ప్యాకెట్ అయితే ప్రమాదం కూడా.

గుండె స్కాన్, అంటే ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఉండేదాన్నే మనం పంపింగ్ అంటాం, గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో నూటికి ఎంత బయటికి తోస్తుందో చెప్పే అంకె. మామూలుగా అది 55 నుంచి 70 మధ్య ఉంటుంది. 40, అంతకంటే తక్కువైతే పంపింగ్ తగ్గిన రకం. పంపింగ్ 50 దాటి ఉన్నా గుండె గోడలు బిరుసెక్కి ఆయాసం తెచ్చే రకం ఇంకొకటి. రెండింటిలోనూ ఇంట్లో కనిపెట్టాల్సింది ఒకటే: ఒంట్లో నీరు చేరడం. కిడ్నీలు ఉప్పునీ నీటినీ బయటికి పంపకుండా ఆపేస్తాయి. ఆగిన నీరు లీటరుకి కిలో చొప్పున తూకంలో కనబడుతుంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడేసరికి ఒకటి రెండు లీటర్లు కాదు, అంతకు మించే చేరి ఉండొచ్చు. కంటికంటే తూకమే ముందు పట్టుకుంటుందన్నమాట. ఒక్క రోజులో కిలోకి పైగా గానీ, మూడు రోజుల్లో రెండు కిలోలకి పైగా గానీ పెరిగితే డాక్టరుకి ఫోన్ చేయాలన్నది అందరూ చెప్పే లెక్క.

ఈ లెక్కను బట్టే మెషీన్‌ని ఎంచుకోవాలి. పక్కింటి మెషీన్‌తో పోలిస్తే కిలో తేడా చూపించినా నష్టం లేదు. నిన్న తను చూపించిన దానితోనే ఇవాళ తను విభేదించకూడదు, అంతే.

స్ప్రింగు మీద ముల్లు తిరిగే పాత డయల్ మెషీన్ దీనికి పనికిరాదు. గీతలు కిలోకొకటి ఉంటాయి, వంగి చూసే కోణాన్ని బట్టి అరకిలో అటూ ఇటూ అవుతుంది, పైగా స్ప్రింగు వాడేకొద్దీ సాగుతుంది. వంగితేనే ఆయాసం వచ్చే మనిషి ముల్లు చూడ్డానికి వంగాలి, అదొకటి. ఇంట్లో ఉంది కదా అని దీంతో సరిపెట్టుకోవద్దు.

రెండో రకం గాజు పలకతో, నాలుగు మూలలా నాలుగు సెన్సార్లతో వచ్చే మామూలు డిజిటల్ మెషీన్. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వందల నుంచి పదిహేను వందల లోపు దొరుకుతుంది. కొనాల్సింది ఇదే. వంద గ్రాముల మెట్లలో చూపిస్తే చాలు, యాభై గ్రాములకి ఎక్కువ పెట్టక్కర్లేదు. బ్యాటరీ మూత తీసి చూడండి. ట్రిపుల్ ఎ సెల్స్ వేసేదైతే వీధి చివర కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి. గుండ్రటి బటన్ సెల్ రకమైతే అది అయిపోయిన రోజునుంచి మెషీన్ మంచం కిందకి వెళ్తుంది. అంకెలు పెద్దవిగా, వెలుతురుతో ఉండాలి. కిందకి దిగాక కూడా అంకె కొన్ని సెకన్లు నిలిచి ఉండేది ఇంకా మంచిది, కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చూడొచ్చు. పలక కనీసం 30 సెంటీమీటర్ల వెడల్పు లేకపోతే వాచిన పాదాలు రెండూ సరిగా పట్టవు. తడి కాళ్ళతో గాజు జారుతుంది. గోడ పక్కనో బరువైన కుర్చీ పక్కనో పెట్టండి, కానీ అంకె చూసేటప్పుడు చేయి దేనికీ ఆనించకూడదు. ఆనిస్తే కిలో తగ్గిపోతుంది.

మూడోది ‘స్మార్ట్’ మెషీన్. పాదాల కింద లోహపు పట్టీలు ఉండి, ఒంట్లోకి చిన్న కరెంటు పంపి కొవ్వెంత, కండెంత, నీరెంత అని ఫోన్‌లో చూపిస్తుంది. పేస్‌మేకర్ గానీ ఐసీడీ (లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చేలా ఒంట్లో పెట్టే పరికరం) గానీ ఉన్నవాళ్ళు వాడకూడదని వీటి కాగితాల్లోనే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. అవి లేనివాళ్ళకైనా ఈ శాతాలు పెద్దగా పనికిరావు. కాళ్ళకి నీరు దిగిన మనిషిలో ఆ లెక్క వేసే సూత్రమే తప్పుతుంది. ఫోన్‌లో గ్రాఫ్ చూడాలనే మోజు తప్ప అదనపు డబ్బుకి దక్కేదేమీ లేదు.

ఇక పరీక్ష. రిటర్న్ గడువు దాటకముందే చేయాలి, పది నిమిషాల పని. ముందు ఒకరు అయిదుసార్లు ఎక్కి దిగండి. దిగిన ప్రతిసారీ తెర మీద సున్నా వచ్చేదాకా ఆగాలి. అయిదు అంకెల మధ్య తేడా 200 గ్రాములు దాటితే వాపసు పంపేయండి.

అయిదూ అచ్చంగా ఒకటే వచ్చాయని మురిసిపోవద్దు, అసలు అనుమానం అక్కడే. చాలా చవక మెషీన్లలో ఒక కిటుకు ఉంటుంది. కిందటిసారి చూపిన బరువుని గుర్తుపెట్టుకుని, కొత్తది దానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే మళ్ళీ చూపిస్తాయి. కొన్నవాళ్ళకి ‘భలే కచ్చితంగా ఉందే’ అనిపిస్తుంది. బరువు తగ్గాలనుకునేవాళ్ళకి దాంతో పోయేదేమీ లేదు. గుండె జబ్బు మనిషికి రోజుకి 200 గ్రాముల చొప్పున నీరు చేరుతుంటే మాత్రం ఈ మెషీన్ రెండు రోజులు ‘ఏం పెరగలేదు’ అని చెప్పి, మూడో రోజు ఒక్కసారిగా ఎగురుతుంది. పట్టుకోవడం తేలిక. ఒకసారి ఎక్కి అంకె రాసుకోండి. దిగి, అరలీటరు నీళ్ళ సీసా నిండుగా చేత్తో పట్టుకుని మళ్ళీ ఎక్కండి. అరకిలో పెరగాలి. తర్వాత పావులీటరుతో. పెరగకుండా పాత అంకే వస్తే అది కిటుకు మెషీనే. వాపసు చేసే వీల్లేకపోతే, రోజూ మనిషి ఎక్కే ముందు పది కిలోల బియ్యం సంచి ఒకసారి పెట్టి తీయండి. పాత అంకెని మరిచిపోతుంది.

బియ్యం సంచితోనే ఇంకో పరీక్ష. నాలుగు మూలలా మార్చి మార్చి పెట్టి చూడండి. ఒక మూల దగ్గర మాత్రం అరకిలో తేడా వస్తే అక్కడి సెన్సార్ బాగాలేదు, లేదా కింద గచ్చు ఎత్తుపల్లాలుగా ఉంది. మన ఇళ్ళలో ఎక్కువసార్లు రెండోదే కారణం. నాపరాళ్ళ గచ్చు మీద రాయికీ రాయికీ మధ్య సందు మీద ఒక కాలు పడితే చాలు, మెషీన్ తప్పు చూపిస్తుంది. చాప మీద, పరుపు మీద, రబ్బరు మ్యాట్ మీద అసలే వద్దు. సమంగా ఉన్న ఒకే రాయి మీదో ఒకే టైల్ మీదో నాలుగు కాళ్ళూ ఆనేలా పెట్టి, చుట్టూ సుద్దతో గీసి ఉంచండి. ఊడ్చేటప్పుడు ఎత్తి గోడకి నిలబెట్టే అలవాటుంటే, మళ్ళీ పెట్టాక మొదటి అంకెని నమ్మొద్దు. కాలితో ఒకసారి నొక్కి వదిలి, 0.0 వచ్చి, తెర ఆరిపోయాక ఎక్కాలి. సెన్సార్లు కొత్త సున్నా పట్టుకునేది అప్పుడే.

తూచే వేళ కూడా ముఖ్యమే. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, ఒకే రకం బట్టలతో చూసుకోవాలి. నేత చీరకీ నైటీకీ అరకిలో తేడా రావచ్చు. రోజంతా తిన్నది, తాగినది కలిపితే కిలో వరకూ ఊగుతుంది కాబట్టి సాయంత్రం అంకెని పొద్దుటి అంకెతో పోల్చకూడదు. రాసుకోవడానికి యాప్ అక్కర్లేదు. గోడ మీది క్యాలెండర్‌లో తిథి, రాహుకాలం మధ్య ఇంకో అంకెకి చోటుంటుంది, వచ్చిపోయే వాళ్ళందరికీ కనబడుతుంది కూడా.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. డిశ్చార్జి రోజు ఆసుపత్రి మెషీన్ మీద వచ్చిన బరువుని ఇంటి మెషీన్ బరువుతో పోలుస్తారు. రెండు మెషీన్ల తేడానే రెండు కిలోలు ఉండి, మొదటిరోజే గాభరా. అంతకంటే చెడ్డది, ఇంటి మెషీన్ తక్కువ చూపించేదైతే నిజంగా నీరు చేరినా తెలియదు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ఇంటి మెషీన్ చూపిన అంకెనే మొదటి గుర్తుగా పెట్టుకోండి. నీరు పూర్తిగా దిగాక ఉండే బరువుని డాక్టర్లు పొడి బరువు అంటారు. అది ఎంతో డాక్టరు చేతే మందుల చీటీ మీద రాయించుకోండి. రెండు మూడు నెలలకొకసారి దాన్ని సరిచూడాలి, ఎందుకంటే తిండి సహించక కండ కరిగిపోతూ అదే సమయంలో నీరు చేరుతుంటే తూకం కదలదు. తూకానికున్న పెద్ద లోపం ఇదే. బరువు పెద్దగా పెరగకుండానే ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరేవాళ్ళు తక్కువేమీ కాదు. అందుకని అంకె పక్కనే ఇంకో రెండు ముక్కలు రాయాలి: రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నారు, చెప్పు పట్టీ పెట్టుకోవడానికి వంగితే ఊపిరాడిందా. లంగా బొందో ప్యాంటు బెల్టో బిగిసిందన్నా, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందన్నా కూడా రాయండి, పొట్టలో నీరు అలాగే మొదలవుతుంది.

మెషీన్ కొన్నంత మాత్రాన గుండె బాగుపడదని పెద్ద అధ్యయనాలే చూపించాయి. 2010లో అమెరికాలో వచ్చిన ఫలితాల్లో, పదహారు వందల మందికి పైగా రోగుల్లో సగం మందితో రోజూ ఆటోమేటిక్ ఫోన్‌కి బరువు, లక్షణాలు చెప్పించారు. ఆసుపత్రి పాలవడం తగ్గలేదు. 2018లో జర్మనీ ఫలితాలు వేరేగా వచ్చాయి: రోజులో ఏ వేళైనా డాక్టర్లు, నర్సులు ఆ అంకెలు చూసి వెంటనే ఫోన్ చేసి మందు మార్చే ఏర్పాటు ఉంది, అక్కడ మేలు కనబడింది. కాబట్టి కొనే ముందు అడగాల్సిన ప్రశ్న: పెరిగిందని తెలిశాక ఎవరు ఏం చేస్తారు? నీరు పోయే బిళ్ళ ఎంత పెంచాలి, ఎన్ని రోజులు, ఎంత తగ్గితే మళ్ళీ మామూలు డోసుకి రావాలి అన్నది డాక్టరు చేత ముందే రాయించుకుని మెషీన్ పక్కన గోడకి అంటించండి. ఆ కాగితం లేకుండా సొంతంగా పెంచొద్దు. పేరు మారినప్పుడూ జాగ్రత్త: 40 మిల్లీగ్రాముల ఫ్యూరోసెమైడ్, అంటే మనం లాసిక్స్ అనేది, సుమారుగా 20 మిల్లీగ్రాముల టార్సెమైడ్‌కి సమానం. మందుల షాపులో ‘అదే మందు’ అని 40కి 40 ఇస్తే డోసు రెట్టింపైనట్టే. తూకం తగ్గడం కూడా కబురే. విరేచనాలో వాంతులో పట్టుకుని రెండు కిలోలు తగ్గి, లేచి నిలబడితే కళ్ళు తిరిగితే, నీరు పోయే బిళ్ళ, డాపాగ్లిఫ్లోజిన్ (షుగరుకీ గుండెకీ వాడే మందు) లాంటివి కొనసాగించాలా ఆపాలా అని ఆ రోజే అడగాలి. కూర్చున్నా ఊపిరాడకపోతే, నురగ కఫం పడితే, స్పృహ తప్పితే తూకం, క్యాలెండర్ అన్నీ వదిలేసి 108కి ఫోన్ చేయడమే.

బీపీ మెషీన్ రెండో స్థానం. మోచేతి పైన కట్టేది కొనండి, మణికట్టుది వద్దు. మెషీన్ కన్నా పట్టీ కొలత ముఖ్యం. సాధారణంగా వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకి. టైలరు టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యన చేయి చుట్టూ కొలిచి, 32 దాటితే 42 వరకూ వచ్చే పెద్ద పట్టీ అడగాలి. చిన్న పట్టీ బీపీని ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూడాలి. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్ళకి ఒక్కసారి చూస్తే చాలదు, నిమిషం వ్యవధితో మూడుసార్లు చూసి సగటు రాయాలి. వాళ్ళ విషయంలో మెషీన్ చూపే నాడి కూడా అసలుకంటే తక్కువ రావచ్చు. ఈ మెషీన్‌తో ఇళ్ళలో జరిగే పెద్ద నష్టం వేరే. పైఅంకె 100 చూసి భయపడి గుండె మందులు మానేస్తారు. పంపింగ్ తగ్గినవాళ్ళకి వాడే మందుల మీద 95, 100 ఉండి, కళ్ళు తిరగకుండా తిరగగలుగుతుంటే చాలామంది డాక్టర్లు దాన్ని సరేననే అంటారు. కూర్చుని చూశాక లేచి నిలబడి నిమిషానికీ, మూడు నిమిషాలకీ చూడండి. 20 పడిపోతే, కళ్ళు తిరిగితే అప్పుడు ఫోన్ చేయాలి, మానేయడం కాదు.

ఆక్సీమీటర్ కోవిడ్ రోజుల్లో కొన్నది ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, కొత్తగా కొనక్కర్లేదు. ఒళ్ళంతా నీరు పట్టినా, మెట్లెక్కలేకపోతున్నా తెర మీద 97 కనిపిస్తూనే ఉంటుంది. అది చూసి ‘ఆక్సిజన్ బాగానే ఉంది’ అని రెండు రోజులు ఆగడమే దీని వల్ల జరిగే కీడు. చల్లటి వేళ్ళు, గోళ్ళ రంగు దీన్ని ఇంకా తప్పుదారి పట్టిస్తాయి. స్మార్ట్ వాచీ లయ తప్పడాన్ని కొంతవరకు పట్టుకుంటుంది, అది నిజమైన ఉపయోగమే. ఒంట్లో నీరు సంగతి దానికి తెలియదు.

‘తక్కువ సోడియం’ ఉప్పు దగ్గర మాత్రం గట్టిగా చెప్పాలి: డాక్టరుని అడక్కుండా వద్దు. సోడియం తగ్గించిన చోట అందులో కలిపేది పొటాషియం క్లోరైడ్. ఆరోగ్యంగా ఉన్న బీపీ మనిషికి అది మంచిదే కావచ్చు. హార్ట్ ఫెయిల్యూర్ మనిషి వాడేది స్పైరొనోలాక్టోన్, దాంతోపాటు సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ గానీ రామిప్రిల్ లాంటిది గానీ. ఇవన్నీ పొటాషియంని ఒంట్లోనే ఆపుతాయి. దానికి తోడు కిడ్నీ కాస్త నెమ్మదిస్తే, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, చాలాసార్లు ముందస్తు లక్షణమేదీ లేకుండానే. ‘నీరసంగా ఉంది’ అని రోజూ తాగించే కొబ్బరిబొండాం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, ఒక్క బొండాంలో ఐదారు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉండొచ్చు. సైంధవ లవణం గులాబీ రంగులో ఉన్నా దాదాపు అంతా సోడియం క్లోరైడే, దానికి పెట్టే డబ్బు దండగ.

మామూలు ఉప్పే కొని తక్కువ వేయండి. రోజుకి అన్నీ కలిపి అయిదు గ్రాములు, అంటే చదునుగా ఒక టీస్పూను. పొద్దున్నే ఆ రోజు కొలతని చిన్న డబ్బాలో తీసిపెట్టి వండడం చాలా ఇళ్ళలో పనిచేసే పద్ధతి. దెబ్బతినేది వంటలో కాదు, విస్తరి పక్కన: ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, మజ్జిగలో చిటికెడు. గ్యాస్‌కి నీళ్ళలో పొంగించి తాగే పొడి, నీళ్ళలో వేస్తే బుసబుసమనే జ్వరం బిళ్ళ ఉప్పగా ఉండవు కానీ రెండింట్లోనూ సోడియం వందల మిల్లీగ్రాములు ఉంటుంది. మోకాళ్ళ నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఉప్పు కాకపోయినా ఉప్పు చేసే పనే చేస్తాయి, కిడ్నీ దగ్గర నీటిని ఆపేస్తాయి. వారంలో రెండు కిలోలు పెరిగి, కారణం తెలియడం లేదంటే ముందు అడగాల్సింది నొప్పి బిళ్ళ గురించే. అలాగని అన్నం పూర్తిగా చప్పగా పెట్టి మనిషి చేత తిండి మానిపించడమూ తప్పే. సోడియంని రోజుకి 1,500 మిల్లీగ్రాముల లోపుకి బిగించాలని చూసిన 2022 అధ్యయనంలో మరణాలు, ఆసుపత్రి చేరికలు స్పష్టంగా తగ్గలేదు.

గీతలున్న నీళ్ళ సీసా కూడా అమ్ముతున్నారు. జబ్బు నిలకడగా ఉన్నవాళ్ళందరికీ లీటరున్నర కట్టడి అక్కర్లేదు, 2025లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఫలితాలు కూడా ఆ వైపే ఉన్నాయి. డాక్టరు ఇంతే తాగమని చెప్పి ఉంటే మాత్రం సీసా పనికొస్తుంది. మజ్జిగ, చారు, కాఫీ, పుచ్చకాయ కూడా అందులోంచే తీసేయాలి. మందుల డబ్బా వారానికి ఏడు, రోజుకి నాలుగు గళ్ళున్నది చవకగానే వస్తుంది, మంచి కొనుగోలు. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ బిళ్ళలకి చెమ్మ పడదు. వాటిని రేకులోంచి విడదీయకుండా, రేకునే ముక్కగా కత్తిరించి గడిలో పెట్టండి. నీరు పోయే బిళ్ళ రెండో డోసుని సాయంత్రం నాలుగు దాటని గడిలో పెడితే రాత్రి నిద్ర దక్కుతుంది.

మందులు పూర్తి మోతాదుకి చేరాక కొందరికి ఎకోలో పంపింగ్ 30 నుంచి 45కో 50కో పెరుగుతుంది. ఆ రిపోర్టు వచ్చిన వారమే మెషీన్ అటక ఎక్కుతుంది, కొందరు మందులు కూడా తగ్గించేస్తారు. ఇంగ్లండులో చేసి 2019లో ప్రచురించిన ఒక పరీక్షలో, పంపింగ్ పూర్తిగా కోలుకుని ఏ ఇబ్బందీ లేనివాళ్ళ చేతే డాక్టర్ల కనుసన్నల్లో మందులు మెల్లగా ఆపించారు. ఆరు నెలల్లో నూటికి 44 మందికి జబ్బు తిరగబెట్టింది. అదే ఆరు నెలలు మందులు వాడుతూ ఉన్నవాళ్ళలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. కాబట్టి పంపింగ్ 50 వచ్చిన ఇంట్లో కూడా మెషీన్ సుద్దగీత మధ్యనే ఉండాలి. రోజూ కాకపోయినా వారానికి రెండుసార్లు ఎక్కొచ్చా అని డాక్టరుని అడగండి. తెర మీద ‘ఎల్ఓ’ అని వస్తే బరువు తక్కువని కాదు, సెల్స్ మార్చమని.